నేల మీద పడ్డ కూన

పరిశోధనశాలలో ఎలుకల ఆలనాపాలనా నాది. రెండు వరుసల డబ్బాలు. అన్నీ తెల్లవే, కన్నతల్లి కూడా తేడా పట్టలేనంత ఒకే పోలిక. పై వరుస వాటికి పుట్టుకతోనే లూపస్ రాసిపెట్టి ఉంటుంది. ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణే తిరగబడి కిడ్నీలను తినేస్తుంది. ఆరు నెలలు నిండేసరికి సగానికి సగం పోతాయి. కింది వరుస వాటికి ఆ జబ్బు తెచ్చే ఒక్క జన్యువు లేదు, అప్పటికీ గెంతుతూనే ఉంటాయి.

మా చెల్లికీ అదే జబ్బు.

పై వరుసలో పదకొండో నంబరు ఆడ ఎలుకకు మాత్రం ఏమీ కాలేదు. వారానికోసారి మెడపట్టి ఎత్తి, మూత్రపు చుక్కను పరీక్ష పట్టీ మీద పట్టేదాన్ని. మిగతావాటి పట్టీలు కిడ్నీలు చెడినట్టు ఆకుపచ్చకు తిరిగితే దీనిది పసుపుగానే ఉండేది. "దీన్ని కాపాడే జన్యువేదో ఉంది," అని ఈ పరిశోధన నడిపే డాక్టరమ్మ సంబరపడింది. నా నోట్లో నువ్వుగింజ నానదు, ఆ రోజే చెల్లికి చేరేశాను. అప్పటిదాకా మందులు విసిరికొట్టే మనిషి వేళకు మింగడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఒకటే ప్రశ్న, "మన పదకొండు ఎలా ఉంది?"

ఈరోజు జన్యుపరీక్ష ఫలితం వచ్చింది. దానికి జబ్బు జన్యువే లేదు.

"ఇది కింది వరుసది. పైకెలా వెళ్ళిందమ్మా?" అంది డాక్టరమ్మ.

నాకు ఠక్కున గుర్తొచ్చింది. ఏడు నెలల కిందట డబ్బాలు మారుస్తుంటే నేల మీద కూన ఒకటి కనబడింది. ఒంటి మీద నూగు కూడా రాలేదు. ఎక్కడినుంచి పడిందో తెలియనిదాన్ని చంపేయాలన్నది మా దగ్గర నియమం. చేతులు రాలేదు. పై వరుసలో పాలిస్తున్న తల్లి ఉన్న డబ్బా ఏది అందితే అందులో పెట్టేశాను. ఆ తల్లీ కాదనలేదు. మూడు వారాలకు మిగతా పిల్లలతో పాటే దాని చెవికీ గాటు పెట్టి నంబరిచ్చింది నేనే. పుణ్యం చేశాననుకున్నాను, పాడు పుణ్యం.

ఒప్పేసుకున్నాను. డాక్టరమ్మ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏడు నెలల పని," అంది. ఊరూ పేరూ లేని ఎలుకకు అక్కడ చోటు లేదు. దాన్ని గ్యాసు పెట్టెలో పెట్టింది కూడా నేనే. ఆనాడు రాని చేతులు ఈరోజు వచ్చాయి.

ఇంటికి వెళ్ళేసరికి చెల్లి మంచం మీద వాచిన పాదాలు చాపుకుని కూర్చుంది. పక్కన నీళ్ళ గ్లాసు, మూతలో పోసుకున్న మాత్రలు.

"మన పదకొండు ఎలా ఉందక్కా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్ళూ తెలియక మోసం చేశాను, తెలిసి చేయడం నా వల్ల కాలేదు. అంతా చెప్పేశాను.

చెల్లి తన పాదాలకేసి చూసుకుని, నవ్వింది. "కొండను తవ్వి ఎలుకను పట్టారంటే విన్నాను. మీరు పట్టిన ఎలుక కూడా మీది కాదన్నమాట."

"నన్ను తిట్టవే."

"తిట్టి ఏం చేస్తాను? దానికెందుకు రాలేదో తెలిసిపోయింది. అది వేరే తల్లి బిడ్డ." మాత్రలు ఒక్కొక్కటే సీసాలో వేసి మూత బిగించింది. "నువ్వూ నేనూ ఒక్క కడుపునే పుట్టాం కదా. నీకెందుకు రాలేదో చెప్పు."

మాత్రలు తీసిద్దామని సీసా అందుకుని మూత తీయబోయాను. అది నా చెయ్యి పట్టుకుని ఆపింది.