ఆల్బిన్ కర్రకు తగిన దారం

ఏప్రిల్ ఆఖరి శుక్రవారం పొద్దున్నే ఆల్బిన్ కోస్మాచ్ గుడ్డసంచిలో చుట్టిన గాలం కర్ర తెచ్చి టిల్కా గాలాల కొట్లో బల్లమీద పెట్టి, ఎవరికైనా అమ్మిపెట్టమన్నాడు. ఆ కర్ర ఆయన ముప్పై ఏళ్ల వయసులో వెదురు బద్దలు చీల్చి, చిత్రికపట్టి, అతికించి సొంతంగా చేసుకున్నది. పెళ్లాన్నైనా నాలుగు రోజులు పుట్టింట్లో ఉండనిస్తాడు గానీ కర్రను ఒక్క పూట వదిలి ఉండడని ఇద్రీట్సా నది పొడుగునా చెప్పుకుంటారు.

“చెయ్యి పోయిందమ్మాయ్,” అన్నాడాయన. “నాలుగు రోజుల్నుంచి చూస్తున్నా. దారం పది మీటర్లు కూడా పోవట్లేదు, కాళ్ల దగ్గరే కుప్పపడుతోంది. ఆదివారానికి ఇంకెవరినైనా చూసుకోమని సంఘంలో రాడోకి చెప్పేశా.”

జనవరిలో మంచుమీద జారిపడి ఆయనకు కుడిభుజం విరిగింది. అతుక్కుందని డాక్టరు చెప్పాడు. కానీ డెబ్బై అయిదేళ్ల భుజం, అతుక్కుంటే మాత్రం ఎంతని అతుక్కుంటుంది? చెయ్యి పోయిందంటే ఊరంతా నమ్మింది. మే నెల మొదటి ఆదివారం వంతెన కింది పచ్చికలో కొత్తవాళ్లకు దారం విసరడం నేర్పించడం అక్కడి గాలం సంఘం ఆనవాయితీ. ముప్పైయొక్క ఏళ్లుగా నేర్పుతున్నది ఆల్బినే. మొదటి ఏడు నేర్చుకున్నవాళ్లలో టిల్కా ఒకతె. అప్పటికామెకు పందొమ్మిదేళ్లు. ఆడపిల్లకు గాలమేమిటని మగవాళ్లంతా ఇకిలిస్తుంటే, ఆయన ఒక్కడే ఆమె మణికట్టు పట్టుకుని ఓపిగ్గా నేర్పాడు.

ఈ వేటలో ఎరకు బరువుండదు. ఈకలతో కట్టిన ఈగ అది, ఊదితే ఎగిరిపోతుంది. అందుకని విసిరేది ఈగను కాదు, దారాన్ని. నీళ్లమీద తేలే ఆ లావుపాటి దారం బరువుకు కర్ర వంగాలి, వంగింది లేస్తూ దారాన్ని ముందుకు తోయాలి. బరువు చాలకపోతే కర్ర నిద్రపోతుంది, ఎక్కువైతే మూలుగుతుంది. ఎంత చెట్టుకు అంత గాలి. దారం పెట్టెమీద బరువు అయిదో నంబరని వేసినంత మాత్రాన అది అయిదైపోదు, ఒక్కో కంపెనీ అయిదుది ఒక్కో తూకం. ఆ లోయలో ఈ సంగతి అందరికీ నేర్పిందే ఆల్బిన్. ఎవరు ఏ కర్ర తెచ్చినా చేతిలోకి తీసుకుని, రెండుసార్లు గాల్లో ఊపి, దీనికి నాలుగు చాలు, ఫలానావాళ్ల నాలుగు మాత్రం వద్దు అనేవాడు. ఆ మాట తప్పిన రోజు లేదు. చెయ్యా అది! తూకమేసే త్రాసు కూడా దానిముందు దిగదుడుపే. అయితే నోరు మాత్రం మంచిది కాదు. తగని దారం కట్టుకొచ్చినవాణ్ణి ఏడాదిపాటు ఏడిపించి చంపేవాడు. సంఘం కార్యదర్శి రాడో ఇరవై ఏళ్ల కిందట మరీ బరువైన దారం కట్టుకొస్తే, దీంతో ట్రౌట్ చేపను పడతావా, ఎడ్లబండి లాగుతావా అని నలుగురిలో అడిగాడు. ఆ మాటకు రాడో ఇప్పటికీ ఉడుక్కుంటాడు.

అలాంటి మనిషి కర్ర అక్కడ పెట్టి, తలొంచుకుని వెళ్లిపోయాడు. టిల్కాకు ఇక వ్యాపారం మీద మనసు నిలవలేదు. మధ్యాహ్నం కొట్టు మూసి, కర్ర పట్టుకుని వెనకనున్న గడ్డిలోకి నడిచింది. ఆల్బిన్ దారం చుట్టిన రీలు దానికే ఉంది. దారం లాగి విసిరింది. చచ్చిన పాములా ఆమె పాదాల దగ్గరే పడింది. ఇంకోసారి, ఇంకోసారి. అదే తంతు. ఆమె భుజం విరగలేదు కదా!

లోపలికెళ్లి తన రీలు తెచ్చి అదే కర్రకు బిగించింది. ఈసారి కర్ర చేతిలో ప్రాణమొచ్చినట్టు వంగి లేచింది, దారం గడ్డి చివరనున్న కంచె దాటిపోయింది. కర్రలో లోపం లేదని తేలింది. టిల్కా ఆల్బిన్ దారాన్ని మళ్లీ తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి రీలునుంచి మొత్తం లాగింది. సన్నగా వస్తోంది, సన్నగానే వస్తోంది, పదిహేను మీటర్లు దాటినా సన్నమే. చివరికి రీలు అడుగున గానీ లావు తగల్లేదు. ఆమె గడ్డిలో చతికిలబడింది.

ఆల్బిన్ జీవితమంతా వాడినవి నడుమ లావుగా, రెండు కొసలూ సన్నగా ఉండే పాతకాలం దారాలు. ఒక కొస అరిగితే వసంతం రాగానే విప్పి, తిరగేసి చుట్టి, రెండో కొసతో ఇంకో ఏడాది వేటాడేవాడు. యాభై వసంతాల అలవాటది. నిరుడు వేసవిలో కొన్నది వేరే రకం. దాని లావంతా మొదటి పది మీటర్లలోనే ఉంటుంది, మిగతాది వట్టి తోక. తిరగేస్తే తోకతో విసిరినట్టే. నిరుడు అది ఆయన చేతిలో ఎంత అందంగా పోయేదో! ఈ ఏడు అలవాటు ప్రకారం తిరగేశాడు, అంతే.

దాన్ని అమ్మింది టిల్కాయే. ఏ దారం తగునో నంబరు వెయ్యని ఆ కర్రకు ఒక మధ్యాహ్నమంతా మూడు కంపెనీల అయిదో నంబరు దారాలు మార్చి మార్చి విసిరి చూసి, ఏరి మరీ ఇచ్చింది. తిరగెయ్యకూడదని మాత్రం చెప్పలేదు. తాతకు దగ్గులు నేర్పడం ఎందుకని ఊరుకుంది. ఇప్పుడు తన నోటికి తనే నాలుగు వడ్డించుకోవాలనిపించింది.

చప్పుడు చెయ్యకుండా సరిగ్గా చుట్టి ఇచ్చేస్తే పోదా అనుకుందొక క్షణం. ఆయన పరువు దక్కుతుంది. కానీ మళ్లీ వసంతం వస్తుంది, మళ్లీ తిరగేస్తాడు, మళ్లీ చెయ్యి పోయిందనుకుంటాడు. పైగా ఆల్బిన్ కోస్మాచ్ చెయ్యి ఇంకొకరి దయమీద బతకడమేమిటి? ఆమెకు అది అసలే నచ్చలేదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన భార్య జోఫ్కా గుమ్మంలోనే పట్టుకుని, మధ్యాహ్నం పిండి చుట్టి ఉడికించిన ష్ట్రుక్లి ముట్టుకోలేదని, గోడకేసి చూస్తూ కూర్చున్నాడని చెప్పుకుని కళ్లు తుడుచుకుంది. టిల్కా లోపలికెళ్లి కర్ర ఆయన ముందు పెట్టింది.

“బాబాయ్, ఈ వసంతం దారం తిరగేశారా?”

“ఏటా వేస్తాగా. ఏం?”

“ఇది తిరగెయ్యకూడని దారం. లావంతా ఒక కొసనే ఉంటుంది. నేను చెప్పాల్సింది, చెప్పలేదు.”

ఆల్బిన్ దారం కొస పట్టుకుని వేళ్లతో తడుముతూ పోయాడు. పోనుపోను మొహం ఎర్రబడింది. టిల్కా తిట్లకు సిద్ధపడింది. ఆయన తిట్టలేదు. లేచి బూట్లు తొడుక్కుని నదివైపు నడిచాడు, వెనకే ఆమె కూడా.

పచ్చికలో ఇద్దరూ కలిసి దారం విప్పి సరిగ్గా చుట్టారు. ఆల్బిన్ కర్ర ఎత్తాడు. వెనక్కి ఒకసారి, ముందుకు ఒకసారి, ఏ తొందరా లేదు. దారం ఆయన తలమీదుగా చుట్ట విప్పుకుంటూ పోయి పద్దెనిమిది మీటర్ల దూరంలో గడ్డిని తాకీ తాకనట్టు వాలింది. టిల్కాకు ఒళ్లు పులకరించింది. ముప్పైయొక్క ఏళ్లుగా చూస్తున్నా ఆమెకది పాతబడలేదు. ఆయన ఇంకో రెండుసార్లు విసిరి, భుజం నొక్కుకుంటూ కూర్చుని, మొహం దాచుకోకుండా ఏడ్చాడు. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉంటుందని టిల్కా మాటిచ్చింది. ఆయన కళ్లు తుడుచుకుని ఇంటిదారి పట్టాడు.

ఆదివారం పచ్చికలో కొత్తవాళ్లు పదకొండుమంది చేరారు. ఆల్బిన్ కర్రతో దిగేసరికి రాడో ఆశ్చర్యపోయి, చోటిచ్చాడు. ఆల్బిన్ విసిరాడు. దారం కాళ్ల దగ్గర కుప్పపడింది. కొత్తవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. టిల్కాకు అర్థమైంది. ఆయన పనిగట్టుకుని మళ్లీ తిరగేసి తెచ్చాడు!

“అయ్యో, భుజం ఇంకా కుదరలేదోయ్,” అన్నాడు రాడో జాలిగా.

“భుజం కాదోయ్, బుర్ర,” అన్నాడు ఆల్బిన్.

తర్వాత జరిగిందంతా ఏమీ దాచకుండా చెప్పాడు. తిరగేయడం, నాలుగు రోజుల తిప్పలు, కర్ర అమ్మకానికి పెట్టడం, గోడకేసి చూస్తూ కూర్చోవడం, అన్నీ. రాడో కడుపు పట్టుకుని నవ్వాడు. ఇరవై ఏళ్ల బాకీ ఆ నవ్వుతో తీరిపోయినట్టుంది. ఆల్బిన్ కూడా నవ్వాడు. ఆ తర్వాత అందరూ చూస్తుండగా గడ్డిలో కూర్చుని దారం విప్పి, లావు కొస ఇదని ఒక్కొక్కరి వేళ్లకు తగిలించి చూపించి, సరిగ్గా చుట్టి, లేచి విసిరాడు. ఈసారి దారం చుట్ట విప్పుకుంటూ దూరంగా పోయి మెత్తగా వాలింది.

ఆయన టిల్కావైపు తిరిగాడు.

“అందరూ భుజమే అనుకున్నారు, నేనూ అదే అనుకున్నా. దారంమీద నీకు అనుమానమెలా వచ్చిందో వీళ్లకు చెప్పు. ఇది నేర్చుకోవాల్సిన సంగతి.”

“నాకేం అనుమానం రాలేదు బాబాయ్,” అంది టిల్కా. “మీ చెయ్యి పోయిందంటే నమ్మలేకపోయాను. అది కాకపోతే ఇక మిగిలింది దారమే కదా.”

ఆల్బిన్ కొత్తవాళ్లను వరసగా నిలబడమన్నాడు.