ఎలుగుబంటికి చలవ చొక్కా

బొమ్మల దుకాణం ముందు ఎలుగుబంటి వేషం వేసుకుని గంతులేసే ఉద్యోగం అత్తగారికి యాభై దాటాక దొరికింది. దొరికిన నాటినుంచి ఆవిడ కాలు నేలమీద నిలవలేదు. మోకాళ్ల నొప్పులు ఏమయ్యాయని అడగకండి, అవి కుర్చీలో కూర్చుంటేనే గుర్తొస్తాయట. మొన్నటి ఎండకు మాత్రం ఆ బొచ్చులో ఉడికిపోయి, కళ్లు తిరిగి, దుకాణం మెట్లమీద చతికిలబడింది. పిల్లలు అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. కోడలు కొట్టలేదు.

కోడలు నర్సు. నవ్వడం కూడా డాక్టరు రాసిస్తేనే అన్నట్టుంటుంది.

"రేపటినుంచి మానేయండి అత్తయ్యా."

"ప్రాణం పోయినా మానను."

"పోతుందనే కదా మానమంటున్నాను!"

అత్తగారి గుండెల్లో రాయి పడింది. కోడలు సరే అనకపోతే కొడుకు సరే అనడు. అప్పుడిక మళ్లీ కిటికీ పక్క కుర్చీ, వీధిలో పోయేవాళ్లను చూస్తూ ఆవులింతలు. ఆ పిల్లల్ని చూడకుండా ఉండటం తనవల్ల కాదు. కాళ్లావేళ్లా పడగా పడగా కోడలు ఒక మెట్టు దిగింది. ఒంటిని చల్లగా ఉంచే చొక్కాలు మూడు రకాలు తెస్తుంది. వేషంలోపల ఒక్కటైనా పనిచేస్తే సరి, లేదంటే ఎలుగుబంటిని దుకాణానికి తిరిగిచ్చేయాలి.

పరీక్ష వంటింట్లో జరిగింది. తలుపు మూసి, పొయ్యిలమీద నీళ్లు మరగబెట్టి, థర్మామీటరు పట్టుకుని కోడలు నిలబడింది.

మొదటిది నీళ్లలో తడిపి తొడుక్కునే చొక్కా. గాలికి తడి ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. ఆ బొచ్చులో గాలెక్కడిది? "నన్ను ఆవిరిమీద ఉడకేస్తున్నావే తల్లీ!" అంటూ అత్తగారు బయటపడింది.

రెండోదానికి నడుము దగ్గర చిన్న ఫ్యాన్లున్నాయి. మీట నొక్కగానే చొక్కా ఉబ్బింది, దాంతోపాటు ఎలుగుబంటీ ఉబ్బి ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుంది.

"పొట్ట లోపలికి లాక్కోండి!" అని కోడలు నెట్టింది.

"అది నా పొట్ట కాదే!"

పైగా లోపల తిరిగేదంతా వేడిగాలే. అదీ పోయింది.

ఇక మిగిలింది ఒక్కటే. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సంచుల్ని జేబుల్లో దోపుకునే చొక్కా. అది వేసుకోగానే అత్తగారు వంటింట్లోనే రెండు చిందులేసింది. "హాయిగా ఉందే! ఒట్టు!"

"నిప్పుల్లో నిలబెట్టినా మీరు హాయిగా ఉందనే అంటారు. మీ మాట నేను నమ్మను. ఇటివ్వండి."

కోడలు కొత్త సంచులు పెట్టుకుని, తానే వేషం తొడుక్కుని, మిట్టమధ్యాహ్నం ఎండలోకి నడిచింది. అత్తగారు బితుకుబితుకుమంటూ ఇంటి మెట్లమీద నిలబడింది.

కాసేపు ఎలుగుబంటి వార్డులో రౌండ్లు తిరిగినట్టే నడిచింది. ఇంతలో ఓ బుడ్డది వచ్చి కాలు వాటేసుకుంది. ఎలుగుబంటి అటూ ఇటూ చూసి, ఒక కాలు ఎత్తింది. తర్వాత రెండోది. ఎక్కడినుంచి ఊడిపడ్డారో, వీధి నిండా పిల్లలే. ఇక ఎలుగుబంటి నడుం తిప్పిందయ్యా, చూసి తీరాలి!

"చాల్లే, ఇక తల తియ్యవే!" అని అత్తగారు అరిచింది. ఎలుగుబంటి తల అడ్డంగా ఊపి మళ్లీ ఎగిరింది.

చివరికి మెట్లదగ్గరికి వచ్చి తల తీసింది. పెళ్లయి వచ్చాక ఆ ముఖంలో అంత నవ్వు అత్తగారు ఎన్నడూ చూడలేదు. భయంలోనూ ముచ్చటేసింది.

"ఎలా ఉందే?"

"చల్లగానే ఉంది అత్తయ్యా. సంచులు కరిగేలోగా మార్చుకోవాలి. పక్కన ఒక మనిషి ఉండాలి."

"అంటే, వెళ్లొచ్చా?"

"వెళ్లండి. ఆదివారాలు మాత్రం నావి."

అత్తగారు ఎగిరి గంతేసి, కిందికి దిగేలోగా విషయం బోధపడి లబోదిబోమంది. "పిల్లలందరూ వచ్చేది ఆదివారమే కదే!"

"నాకు తెలుసు," అంటూ కోడలు ఎలుగుబంటి తల మళ్లీ పెట్టేసుకుంది.