తుప్పు రేకు

ఆ రేకును ఫోన్‌లో ఫొటో తీయడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం నాకు దొరకలేదు. నన్ను చెప్పుతో కొట్టినా పాపం లేదు.

తెక్కలకోట బస్టాండు ఎదురుగా నాది ఫ్లెక్సీ అంగడి. దసరా ముందు ఊపిరి సలపదు. సరిగ్గా అప్పుడే వలస రైతులుండే క్యాంపు నుంచి హిమబిందు వచ్చింది, మూడేళ్ల కూతుర్ని చంకనేసుకుని, కొంగులో రేకు చుట్టుకుని. మొగుడు గోపీకృష్ణ నడిపిన లారీ ముందు బిగించిన రేకది. ఖనిజం తోలుతూ అతను పోయేనాటికి ఈ పిల్ల కడుపులో ఉంది. లారీ తుక్కుకు పోయింది. రేకు మీద తుప్పు పెచ్చుల మధ్య నీలం రంగులో ఆమె పేరు, వంకరటింకరగా.

"ఆయనకి చదువు రాదు అన్నయ్యా. నా పేరొక్కటే నేర్చుకుని రాశారు. ముట్టుకుంటే రాలిపోతోంది. ఫొటో తీసి పెద్దది చేసివ్వండి. పాపకి వాళ్ల నాన్న చేతిరాతైనా చూపించాలి కదా" అంది.

"రేపు పొద్దున ఎండలో తీస్తానమ్మా, తుప్పు రంగు బాగా పలుకుతాది" అన్నాను. పనితనం చూపించాలని నా ఆత్రం. రేకును కత్తెర, ఇనప స్కేళ్ల పక్కన పెట్టి మరిచాను.

తెల్లారితే ఆయుధపూజ. అంగడి తాళం మా పెద్దమ్మ రామక్కకు ఇచ్చి, ఇనుమన్నది ఒక్కటి కూడా మురికిగా ఉండకూడదని చెప్పింది నేనే. ఆ రేకు చచ్చిపోయిన డ్రైవరుదని రాత్రి మాటల్లో అన్నది కూడా నేనే. బంతిపూలు, గుమ్మడికాయ తీసుకుని వచ్చేసరికి కత్తెర మెరుస్తోంది, స్కేళ్లు మెరుస్తున్నాయి. వాటి పక్కన విభూతి, కుంకుమ పెట్టిన రేకు తళతళలాడుతోంది. అక్షరం లేదు.

"ఏం పని చేసినావు పెద్దమ్మా!" అని గావుకేక పెట్టాను.

"సచ్చిపోయిన డ్రైవరుది అంటివి గదప్పా. అందుకే అన్నిటికన్నా దాన్నే బాగా తోమినా. గరుకు కాయితం పెట్టి రుద్ది రుద్ది సేతులు సూడు ఎట్లైనాయో."

చేతులు నిజంగానే బొబ్బలెక్కాయి. ఆమెనేమనాలి?

అప్పుడు నాకు దొంగబుద్ధి పుట్టింది. ఎదురు షెడ్డులోని టిప్పరు తొట్టి తుప్పును ఫొటో తీసి, ఫొటోషాప్‌లో పరిచాను. దాని మీద గుర్తున్నంత మేరకు నీలం అక్షరాలు గీశాను. గరుకు బ్రష్షుతో అంచులు చెరిపాను, గీతలు పెట్టాను, పెచ్చులు లేచినట్టు నీడ వేశాను. ఎన్నో ఏళ్ల ఎండావానా గంటలో తయారు. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. నా చేతులు పడిపోను!

మధ్యాహ్నం హిమబిందు పిల్లతో వచ్చింది. ప్రింటును కళ్లకద్దుకుంది. తర్వాత ఒక్కో అక్షరం మీద వేలు పోనిచ్చింది. మధ్యలో ఆగిపోయింది.

"రోజూ దిద్దేదాన్ని అన్నయ్యా. ఇది ఆయన రాత కాదు. ఆయనది ఎడమ చెయ్యి."

ఇక దాచి లాభం లేదు. ఉన్నదంతా కక్కేశాను. ఆమె పూజలోని రేకు తీసుకుని వెలుతురుకు అటూ ఇటూ వంచి చూసింది. జాడైనా మిగలలేదు. ఇదేదీ చెవినపడని పెద్దమ్మ ప్రసాదం పట్టుకొచ్చింది.

"అద్దం మాదిరి తోమినా సూడు తల్లీ. మీ ఆయప్ప యాడున్నా సంతోషపడతాడు."

హిమబిందు ఆ బొబ్బల చేతులను చూసింది. "చాలా బాగా తోమారమ్మా" అని వంగి కాళ్లకు దండం పెట్టింది. నా ముఖం మాత్రం చూడలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

బస్టాండులో కూర్చుని రేకును ఒళ్లో పెట్టుకుంది.

"నాన్న రాసింది ఏదమ్మా?" అని పిల్ల అడగడం రోడ్డు ఇవతలికి వినిపించింది.

"ఇదిగోనమ్మా" అని హిమబిందు పిల్ల ఎడమ చేతి వేలు పట్టుకుని, ఆ ఉత్త రేకు మీద తన పేరు దిద్దించింది. సిరుగుప్ప బస్సు వచ్చేదాకా దిద్దిస్తూనే ఉంది. నేను షట్టరు దించేశాను.