మడమ అరిగిన బూట్లు

వీడియో నలభై ఒక్క సెకన్లు. అందులో మా ఆయన పొద్దున్నే మిల్లు గోడ వెంట నడిచి వస్తున్నాడు. నడుము అటూ ఇటూ ఊగిపోతోంది, మోచేతులు గాలిని పొడుస్తున్నాయి, నోరు తెరుచుకుంది, మొహం వంకరపోయింది. చివర్లో కరెంటు స్తంభం పట్టుకుని వంగిపోయాడు. దాని కింద ఎవరో రాశారు: "ఒకప్పుడు మనందరి గర్వం. ఈరోజు ఇలా. కన్నీళ్లు ఆగలేదు."

నేను బూట్లు బాగుచేసే షాపులో పనిచేస్తాను. పక్క మిషను మీద కుట్టే అమ్మాయి ఫోను నా చేతిలో పెట్టి, "అక్కా, చూపించొద్దనే అనుకున్నా. కానీ ఎవరో ఒకరు చూపిస్తారు కదా" అంది. అప్పటికే లక్షమంది చూసేశారట. లక్షమందికీ కన్నీళ్లు ఆగలేదు, పాపం.

మా ఆయనది నడక పందెం. ఇరవై కిలోమీటర్లు పరుగెత్తకుండా నడవాలి. ఎప్పుడూ ఒక పాదం నేలను అంటుకునే ఉండాలి, ముందుకేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. దారి పొడవునా జడ్జీలు నిలబడి చూస్తారు. తప్పు చేశాడని ముగ్గురు ఎర్రకార్డు రాస్తే ఇంటికి పోవాల్సిందే. అలా నడవాలంటే నడుము ఊపక తప్పదు. అందుకే చిన్నప్పుడు వీధిలో అందరూ ఆయన్ని "బాతు" అని ఏడిపించేవారు. పతకం తెచ్చాక "మన బాతు" అయ్యాడు. అంత పెద్ద ప్రమోషను ఇంకెవరికీ వచ్చి ఉండదు.

పతకం తెచ్చిన ఏడాదంతా సన్మానాలే. "అన్నా, మాతో ఒక్క గ్లాసు", "బావా, నా మాట తీసేస్తావా" అంటూ ఎవరి చేత్తో వాళ్లు పోశారు. మోకాళ్లు అరిగి పందేలు మానేశాక పోసేవాళ్లు పోయారు, గ్లాసు మిగిలింది. పదేళ్లు. ఆ పదేళ్లలో నేను సీసాలు పగలగొట్టాను, తలుపులు బిగించాను, కాళ్లు పట్టుకున్నాను, ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. చివరికి క్రీడాపాఠశాల ప్రిన్సిపాల్ మేడమ్ ఒక మాటిచ్చింది. వంద రోజులు చుక్క ముట్టకుండా ఉంటే పిల్లలకు నడక నేర్పే పని ఇస్తానంది. ఆ మాట విన్న రోజు మా ఆయన తన ఫోను తీసి నాకిచ్చేశాడు. తాగుడు స్నేహితులు అందులోనే ఉంటారని.

వీడియో వచ్చింది తొంభై రెండో రోజున.

కామెంట్లు చదవకూడదనుకుంటూనే చదివాను. "ప్రభుత్వం ఏం చేస్తోంది?" "పతకం కూడా అమ్ముకుని తాగేసి ఉంటాడు." ఆ పతకం మా గోడకున్న మేకుకు, ఇంటి తాళంచెవితో పాటు వేలాడుతోంది. "ఇలాంటివాణ్ణి పిల్లల దరిదాపులకు రానివ్వకూడదు." ఇంకొకావిడ, "ఇంట్లో ఆడది గట్టిదైతే మగాడు ఇలా రోడ్డున పడడు." దానికి రెండువేల మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అరికాలి మంట నెత్తికెక్కింది.

నా కోపం వాళ్లమీదే అయ్యుంటే బాగుండేది. కాదు. నేనూ నమ్మేశాను. పదకొండేళ్లు చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని ఆయన అడుగులు లెక్కపెట్టినదాన్ని, ఆ నడక నిద్రలో కూడా గుర్తుపట్టగలిగినదాన్ని, నలభై ఒక్క సెకన్లు చూసి, "మళ్లీ మొదలెట్టాడు" అనుకున్నాను. చేతిలో ఉన్న బూటు బల్లమీద పడేసి ఇంటికి పరుగెత్తాను.

తలుపు తీసే ఉంది. మా ఆయన గుమ్మంలో కూర్చుని పిక్కలు ఒత్తుకుంటున్నాడు. నన్ను చూడగానే మొహం వెలిగింది.

"భలే వచ్చావు. నీకో సంగతి చెప్పాలి. వందో రోజున చెబుదామనుకున్నా గానీ కడుపులో ఆగట్లేదు."

"ముందు నోరు తెరువు" అన్నాను.

"ఏంటి?"

"నోరు తెరువు. ఊదు."

ఆయన కదల్లేదు. నేనే గడ్డం పట్టుకుని మొహంలో మొహం పెట్టి వాసన చూశాను. మెట్ల మీద చప్పుడైంది. పైవాటా బాబాయిగారు, ఒక చేతిలో పండ్ల సంచి, ఒక చేతిలో ఫోను, నిలబడిపోయి చూస్తున్నారు.

పళ్లపొడి వాసన. అంతే. ఇంకేమీ లేదు.

"పది కిలోమీటర్లు" అన్నాడు ఆయన, నా చేతిలోంచి గడ్డం విడిపించుకుని. "యాభై ఎనిమిది నిమిషాలు. మూడు వారాల నుంచి నువ్వు పనికి వెళ్లాక నడుస్తున్నాను."

గుమ్మం పక్కన పాత పందెం బూట్లు ఆరబెట్టి ఉన్నాయి. తిరగేసి చూశాను. మడమ బయటి అంచు కొత్తగా అరిగింది, రెండు కాళ్లకూ సమానంగా. ముక్కు దగ్గర గీత కూడా లేదు. తాగి కాళ్లీడ్చేవాడి బూటు ముక్కు దగ్గర చిరుగుతుంది. పన్నెండేళ్లుగా ఊళ్లోవాళ్ల బూట్లు తిరగేసి, ఎవరు ఎలా నడుస్తారో చెప్పేదాన్ని. నా ఇంటి గుమ్మంలో ఉన్న జత వదిలేసి మనిషి నోరు వాసన చూశాను.

"మంచి ఉద్దేశంతోనే పెట్టానమ్మా ఆ వీడియో" అన్నారు బాబాయిగారు, మెట్లు దిగకుండానే. "నలుగురూ చూస్తే ఎవరైనా ఆదుకుంటారని."

"ఆదుకున్నారు బాబాయిగారూ, కడుపు నిండిపోయింది. ఆ పండ్లు మీరే తినండి" అన్నాను.

మర్నాడు ఇద్దరం ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాం. బూట్ల జత సంచిలో పెట్టుకుని వెళ్లాను. బల్లమీద పెట్టి, మడమ ఎక్కడ అరిగిందో, ఎందుకు అరిగిందో చెప్పాను. ఆవిడ ఓపిగ్గా వింది. మంచిమనిషే, అదే నా కర్మ.

"ఆయన తాగలేదనే అనుకుంటున్నానమ్మా. కానీ పొద్దున్నుంచి తల్లిదండ్రులు ఒకటే ఫోన్లు."

"నడిచి చూపిస్తాను" అన్నాడు మా ఆయన.

వద్దనేలోపే వరండాలోకి వెళ్లి నడిచాడు. ఆ చివర దాకా, మళ్లీ ఈ చివర దాకా. మోకాళ్లు ఎక్కడా వంగలేదు, పాదం ఎక్కడా గాల్లోకి లేవలేదు. తప్పు పట్టడానికి ఏమీ లేని నడక. తరగతి గదుల్లోంచి టీచర్లు తొంగిచూశారు. ఒకాయన నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. ఇంకొకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"వద్దండీ, మిమ్మల్ని ఇలా చూడలేను" అంది ప్రిన్సిపాల్.

"ఇదే కదండీ పిల్లలకు నేర్పమన్నది?" అన్నాను.

ఆవిడ తన ఫోను నావైపు తిప్పింది. ఆ వీడియో కింద పైవాటా బాబాయిగారు కొత్తగా రాశారు: "పాపం, వాళ్లావిడ పరుగున వచ్చి నోరు వాసన చూడ్డం నా కళ్లారా చూశాను. ఆ తల్లి ఎన్ని కష్టాలు పడుతోందో." కింద అంతా నామీద జాలే. నిన్న నన్ను తిట్టినావిడ కూడా చేతులు జోడించిన బొమ్మ పెట్టింది.

"భార్యవి, నువ్వే నమ్మలేకపోయావు కదమ్మా" అంది ప్రిన్సిపాల్ మెల్లగా. "మూడొందల మంది తల్లిదండ్రుల్ని నమ్మమని నేనెలా అడగను?"

మా ఆయన ఆ కామెంటు చదివాడు. చదివి, బల్లమీది బూట్లు తీసి సంచిలో పెట్టుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

దారిలో అన్నాను, "రేపు మళ్లీ వెళ్దాం. నాదే తప్పని చెబుతాను. కాళ్లు పట్టుకుంటాను."

"వద్దులే" అన్నాడు. "ఎర్రకార్డు రాసిన జడ్జితో వాదించకూడదు. పక్కకు తప్పుకోవాలి. అది పందెం నియమం." కోపంగా అనలేదు. అందరిలా మామూలుగా, మోకాళ్లు వంచి నడుస్తున్నాడు. ఇన్నేళ్లలో ఆయన నా పక్కన అలా నడవడం అదే మొదలు.

ఆ తర్వాత పొద్దున నడకకు వెళ్లలేదు. బూట్లు మంచం కిందికి తోసేశాడు. నేను తీసి కొత్త మడమలు వేస్తానంటే, "ఊళ్లోవాళ్లవి చూసుకో ముందు" అన్నాడు. వారంలో జనం ఆయన్ని మరిచిపోయి, ఇంకెవరి మీదో కన్నీళ్లు ఆగక ఏడుస్తున్నారు.

వందో రోజు సాయంత్రం. ఉప్పు అయిపోతే, తెస్తానని ఆయనే బయల్దేరాడు. పది నిమిషాల పని. అరగంట పట్టింది. నేను పొయ్యి ఆపి గుమ్మంలోనే నిలబడ్డాను. షాపులో రద్దీ ఉండి ఉంటుందని నాకు నేనే పదిసార్లు చెప్పుకున్నాను.

వచ్చాడు. చెప్పులు విప్పలేదు, గడప దాటలేదు. ఉప్పు పొట్లం నా చేతిలో పెట్టి, డాక్టరు ముందు నిలబడినట్టు నిలబడి, నోరు తెరిచాడు.

"చూసుకో" అన్నాడు.

చూడక్కర్లేదు, లోపలికి రా, అని అనాలి. ఆ ఒక్క మాట అంటే చాలు. ఆయన దాని కోసమే నా కళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు.

నేను ముందుకు వంగి వాసన చూశాను.