తెల్ల పొట్లం

గుర్రపు లద్దె ఎండబెట్టి, దంచి, జల్లించి పెట్టాను. అద్దం పోసే అచ్చుకి అది పిండిలా మెత్తగా ఉండాలి. లేకపోతే అద్దం ముఖమంతా మచ్చలు పడతాయంటాడు నా భర్త జేగో. రొట్టె పిండి పిసికే బల్ల మీదే జల్లిస్తాను, వేరే చోటు లేదు. మా వంటిల్లు కొలిమిగా మారి నాలుగేళ్ళయింది.

రాగీ తగరమూ దొరకడానికి ఇంగ్లండ్‌లో మా కార్న్‌వాల్‌ని మించిన చోటు లేదు. ఆ రెండూ కరిగించి నక్షత్రాల్ని చూసే దూరదర్శినికి బండి చక్రమంత అద్దం పోస్తాడు జేగో. బొగ్గు మొయ్యడం, తిత్తులు ఊదడం, పోతపోశాక వారాల తరబడి మెరుగు పెట్టడం నా పని. చూడటానికి లండన్ నుంచి పెద్దమనుషులొస్తే "అంతా ఈ చేతుల్తోనే" అని అరచేతులు చూపిస్తాడు. నేను వాళ్ళకి టీ పోస్తుంటాను.

ఇంకో పని కూడా నాదే. లోహం కరిగి ఎర్రగా తిరుగుతున్నప్పుడు తెల్ల పాషాణం పొట్లం మూసలో వెయ్యాలి. అది పడితేనే అద్దం తెల్లగా మెరుస్తుంది. వేసిన క్షణంలో వెల్లుల్లి కాలిన వాసనతో తెల్లటి పొగ లేస్తుంది. "నాది బలహీనమైన గుండె, నువ్వు వెయ్యి. ఊపిరి బిగబట్టు, అంతే" అన్నాడు మొదటిసారి. ఆ పోత అయిన కొన్నాళ్ళకే నా కడుపు పోయింది. రెండో పోత తర్వాత ఇంకోటి. "బిడ్డని నిలబెట్టుకునే సత్తువ లేదు దీనికి" అని అత్తగారు చర్చిలో అందరి ముందూ అంది. నేను తల వంచుకున్నాను. నాకూ అలాగే అనిపించింది మరి.

ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది. చెప్పాను. "మంచిదే. పోత కానీ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

ఇవాళే పోత. జేగో పొట్లం అందించబోయాడు. నా చెయ్యి లేవలేదు.

"ఈసారి మీరు వెయ్యండి."

"ఆటలా? వెయ్యి!"

గుమ్మంలోంచి అత్తగారు అందుకుంది. "ఏం వయ్యారమే! మీ మామగారి అద్దాలకి నేనే వేసేదాన్ని. వీడు పుట్టాక నలుగురు కడుపులోనే పోయారు. అయితే ఏం, నోరెత్తానా?"

ఆవిడ తన మాటే తను విన్నట్టు ఆగిపోయింది. నేను జేగో వైపు చూశాను. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"అమ్మా, ఇప్పుడెందుకు ఆ సంగతి?" అన్నాడు, కలియబెడుతూనే.

"మీకు తెలుసా?" అన్నాను.

"లోహం పాడైపోతుంది, టామ్సిన్."

ఆ ఒక్క మాటతో నాకు భయం పోయింది. భయం కన్నా చల్లనిదేదో ఒళ్ళంతా పాకింది. నడుముకి కట్టుకున్న తోలు గుడ్డ విప్పి బల్ల మీద పడేశాను. గుమ్మంలో అత్తగారు గొళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు మంచులా ఉన్నాయి.

"రండి అత్తయ్యా. ఇక్కడ మీరూ ఉండకండి."

విడిపించుకోలేదు. ఇద్దరం బయటి గాలిలోకి నడిచాం. వెనక నుంచి జేగో అరుస్తున్నాడు, మొదట నా పేరు పెట్టి, తర్వాత అమ్మా అని.