కోబా కింద యాకూత్

నేను ఒక జెర్సీని. బాస్కెట్‌బాల్ జెర్సీని. నంబరు పదకొండు. నా రంగు బంగారు రంగు అని లీగ్ కాగితాల్లో రాసుకున్నారు. చూసినవాళ్లు మాత్రం పసుపే అంటారు. నా వీపు మీద కోబా అని ఉండేది. దాని కింద ఇంకో పేరు ఉంది. ఆ రెండు పేర్ల మధ్యే నా బతుకు గడిచింది.

కాచిగూడ స్టేషను వెనక గల్లీలో, ఆటల బట్టలు కుట్టే ఒక రేకుల షెడ్డులో పుట్టాను. అక్షరాలు అంటించే పని సాయమ్మది. యాభై దాటిన మనిషి. ప్లాస్టిక్ అక్షరాలను వీపు మీద వరుసగా పేర్చి, పైనుంచి వేడి మిషను దించి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుని లేపేది. లిస్టు చూసి నా మీద ఇంగ్లీషులో యాకూత్ అని అంటించింది. ఆ వేడికి పేరు నా దారాల్లోకి దిగింది. హాయిగా ఉండింది.

అంతలో ఓనరుకు ఫోనొచ్చింది.

"సాయమ్మా, పదకొండోదానికి పేరు మార్చాలంట. కోబా అని పెట్టమన్నరు."

"యాకూతు ఏమైండు? ఆడతలేడా?"

"ఆడతడు. ఆయననే కోబా."

 సాయమ్మ మిషను మళ్లీ దించి, మెత్తబడ్డ అక్షరాలను ఒక్కొక్కటే గోటితో పీకింది. "పేరు పెట్టుడు చూసిన గని, పెట్టిన పేరు పీకుడు ఇదే మొదలు," అని గొణిగింది. పీకినచోట గుడ్డ ముదురు రంగు తిరిగింది. అచ్చు పడిపోయింది. దాని మీదే కోబా అంటించింది. ఇంగ్లీషులో యాకూత్‌కు ఒక అక్షరం ఎక్కువ. అందుకని రెండు పక్కలా ఆ అచ్చు కొంచెం బయటికి మిగిలింది. ఎవరూ అంత దగ్గరగా చూడరులే అన్నాడు ఓనరు. నిజమే, చూడలేదు.

యాకూత్‌ది హైదరాబాదే. మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ బస్తీ. నిజాం నవాబు గుర్రపు దళం కోసం ఆఫ్రికా నుంచి తెచ్చిన సిపాయిల సంతతి. నాలుగైదు తరాలు గడిచినా ఆ ఒడ్డూ పొడుగూ, ఆ నల్లని ఒళ్లూ, ఉంగరాల జుట్టూ అలాగే ఉన్నాయి. మిగతాదంతా ఇక్కడిదే. వాళ్ల నాన్న మర్జాన్ పెళ్లి ఊరేగింపుల్లో మర్ఫా డోలు కొడతాడు. అమ్మ హలీమా బీ.

ఏడు నగరాల లీగ్‌కు ఆటగాళ్లను ఎంచుకునే రోజున మేనేజరు శశిధర్ యాకూత్‌ను చూసి, ఏ దేశం అని ఇంగ్లీషులో అడిగాడట.

"ఏసీ గార్డ్స్, సార్. లక్డికాపూల్ నుంచి నడిచొస్తే పావుగంట."

అందరూ నవ్వారు. శశిధర్ నవ్వలేదు. ఆయన అప్పటికే ఊరంతా పోస్టర్లు వేయించాడు. వాటి మీద బంతి పట్టుకున్న నల్లటి నీడ, కింద 'ఆఫ్రికా సింహం కోబా వస్తున్నాడు' అని. సింహం ఎక్కడి నుంచి రావాలో అక్కడి నుంచి రాలేదు, ఆ నీడకు సరిపోయినవాడు యాకూత్ ఒక్కడే. కోబా అన్నది ఏ దేశపు పేరో పెట్టినవాళ్లకే తెలియదు.

యాకూత్ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. మూడేళ్లు లీగ్ చెప్పినచోటే ఆడాలి, ఇంకెక్కడా ఆడకూడదు. లీగ్ చెప్పిన పేరే పేరు. బయటివాళ్లతో ఏం మాట్లాడాలన్నా లీగ్ ఒప్పుకోవాలి.

"నా పేరు సార్..." అని నసిగాడు సంతకం పెట్టే ముందు.

"నీకు ఆట కావాలా, పేరు కావాలా?" అన్నాడు శశిధర్. కోపంగా కాదు, భుజం తట్టి, పెద్దన్నలాగే అన్నాడు. "ఒక్క సీజన్ ఓపిక పట్టు. ఆఖరి మ్యాచ్ రోజు మైకులో నీ అసలు పేరు నేనే చెప్పిస్తా. అప్పటిదాకా తెలుగు వద్దు, ఉర్దూ వద్దు. అడిగితే నవ్వు, చాలు."

ఇంటికెళ్లి నన్ను తండ్రి ముందు పరిచాడు యాకూత్. మర్జాన్‌కు ఇంగ్లీషు రాదు. కొడుకు పేరే అనుకుని అక్షరాలను వేళ్లతో తడిమాడు.

"నలభై ఏండ్ల సంది అందరి పెళ్లిళ్లల్ల వాళ్లవాళ్ల పేర్లు మైకుల ఇన్న బేటా. ఒక్కపారి మనింటి పేరు ఇంటే చాలు."

యాకూత్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ముసలాయన వేళ్లు ఆగాయి. "ఆఖరి మ్యాచ్ ఎన్నడు?" అని అడిగాడు. అంతే అడిగాడు. అప్పటికే ఆయనకు ఆయాసం. డోలు ముట్టొద్దని డాక్టరు చెప్పి మూడు నెలలైంది.

ఆట మొదలైంది. చెప్పకూడదు గానీ, యాకూత్ ఒంటి మీద ఉండటం నాకు గర్వంగానే ఉండేది. బంతి అందుకుని పైకి లేస్తే దిగడం మరిచిపోయినట్టుండేవాడు. జనం కోబా కోబా అని అరిచేవారు. అరిచి, పక్కవాళ్లతో తెలుగులో మాట్లాడుకునేవారు.

"ఏం తింటడ్రా వీడు? అడవిల పెరిగిండు గావచ్చు."

"చీకట్ల వాని తెల్లటి పండ్లు తప్ప ఏం కనపడవు పో!"

ప్రతి మాటా యాకూత్‌కు అర్థమయ్యేది. నవ్వేవాడు. వీపు మాత్రం బిగిసేది. అది నాకొక్కదానికే తెలుసు. ఒకసారి ఒకామె పక్కన నిలబడి ఫొటో దిగి, చెల్లెలితో, "పాపం, వీళ్లమ్మ ఏ దేశంలో ఉందో, ఎంత బెంగపెట్టుకుందో," అని కళ్లు ఒత్తుకుంది. హలీమా బీ అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో బియ్యం ఏరుకుంటోంది. మనుషుల జాలి అలా ఉంటుంది. ఎదుటనున్న మనిషిని వదిలేసి సముద్రం దాటి పోతుంది.

హన్మకొండ నుంచి వచ్చిన భార్గవ్ అనే ఆటగాడు జట్టులో ఉండేవాడు. గదిలో యాకూ అని పిలిచేవాడు, కోర్టులో కోబా అనేవాడు. ఒకరోజు తప్పుడు విజిల్ వేశాడని ఇద్దరూ రిఫరీ మీదికి వెళ్లారు. భార్గవ్ గొంతే పెద్దది. మర్నాడు లీగ్ నుంచి కాగితం వచ్చింది. భార్గవ్‌ది ఆవేశమట, కోబాది క్రమశిక్షణ లేకపోవడమట. కోబాను ఒక మ్యాచ్ బయట కూర్చోబెట్టారు. భార్గవ్ గదిలోకి వచ్చి, "అన్యాయం రా యాకూ," అన్నాడు. బయట ఎవరితోనూ అనలేదు. వాడికీ మూడేళ్ల ఒప్పందమే.

ఆఖరి మ్యాచ్ వచ్చింది. ఆట మధ్య విరామంలో మర్ఫా మేళం ఉంటుందని లీగ్ ప్రకటించింది. పిలిచింది ఎవరినో కాదు, మర్జాన్ మేళాన్నే. హలీమా బీ వద్దంటే వద్దంది.

"డాక్టరు ఏం చెప్పిండు, నువ్వేం చేస్తున్నవ్?"

"పేరు చెప్పేనాడు ఇంట్ల కూసోమంటవా?" అన్నాడు మర్జాన్. అటక మీది డోలు దింపాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

ఆ తెల్ల చొక్కా ఎవరూ చూడలేదు. స్టేడియంలో వాళ్లందరికీ చిరుతపులి మచ్చల గుడ్డలు కట్టించి, తలకు ఈకలు గుచ్చారు. అరవై ఏడేళ్ల మర్జాన్ బుగ్గల మీద తెల్లసున్నం గీతలు పెట్టారు. మైకులో ఒకాయన, "ఆఫ్రికా అడవుల నుంచి నేరుగా మీ ముందుకు!" అని కేక పెట్టాడు. బెంచి మీద కూర్చున్న యాకూత్ తల దించుకున్నాడు.

మర్జాన్ కొట్టాడు. ఈకలున్నా, సున్నమున్నా, డోలు డోలే. ఆ దెబ్బలకు కోర్టు చెక్క అదిరింది. నాలుగో దరువు దగ్గర ఊపిరి అందలేదు. డోలు మీదికి వంగి, అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"యాకూ! పానీ..."

బెంచికీ ఆయనకూ పది అడుగులు. యాకూత్ చేతిలో నీళ్ల సీసా ఉంది. లేవబోయాడు. వెనక నుంచి శశిధర్ చెయ్యి నా భుజం మీద పడింది. బరువైన చెయ్యి కాదు.

"కెమెరా నీ మీదే ఉంది. ఇంకో గంటే. గంట ఆగితే నీ పేరు మైకులో వస్తుంది. ఇప్పుడు లేచావో, అది కూడా పోతుంది."

యాకూత్ లేవలేదు. నేను ఒంటి మీదుండి చూసినదాన్ని, నా మాట నమ్మండి. తండ్రి నీళ్లడిగితే లేవని కొడుకు కాదు వాడు. తండ్రికి పేరు వినిపించాలని ఆగినవాడు. రెండూ ఒక్క మనిషే కావడం వాడి ఖర్మ. చేతిలో సీసా నలిగి నీళ్లు నా మీద పడ్డాయి.

పరుగెత్తుకొచ్చి నీళ్లిచ్చింది అక్కడ పనిచేసే ఒకమ్మాయి. "ఎవరిని పిలిచారు తాతా? ఆ కోబా మీకు తెలుసా?" అని అడిగింది.

మర్జాన్ కొడుకు వైపు చూశాడు. శశిధర్ చెయ్యి చూశాడు. నీళ్లు మింగి, నవ్వాడు.

"లేదమ్మా. నా కొడుకు గాదు. ముసలి కండ్లు, పొరపాటు పడ్డ."

మ్యాచ్ గెలిచారు. కాగితం ముక్కలు ఎగిరాయి. మైకు కోబా అంది, కోబా అంది, మళ్లీ కోబా అంది. ఇంకో పేరు అనలేదు. యాకూత్ వెళ్లి శశిధర్ ముందు నిలబడ్డాడు.

"జనం పేరు పట్టుకున్నారయ్యా, ఇప్పుడెలా మారుస్తాం? వచ్చే సీజన్ చూద్దాం."

గేటు దగ్గర చిరుత గుడ్డలోనే నిలబడి ఉన్నాడు మర్జాన్. చెవి మైకు వైపు పెట్టి. స్టేడియం మొత్తం ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

ఐదో రోజు మధ్యాహ్నం ఆయన పోయాడు. యాకూత్ వచ్చే సీజన్ ప్రాక్టీసు వదిలేసి, నా మీద చొక్కా అయినా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. గల్లీ మలుపు తిరిగేసరికి మసీదు మైకు మోగింది. ఎవరైనా పోతే ఆ మైకులో చెబుతారు, ఇంటివాళ్ల పేర్లతో, ఖననం వేళతో సహా.

"మర్ఫా మర్జాన్ సాహెబ్, యాకూత్ వాళ్ల అబ్బా, ఇంతకాల్ అయ్యిండ్రు. అసర్ నమాజ్ తర్వాత జనాజా."

ఏసీ గార్డ్స్ అంతటా ఆ పేరు వినపడింది. యాకూత్ నడిరోడ్డు మీద ఆగిపోయాడు. వినవలసిన ఒక్క మనిషికి తప్ప అందరికీ వినపడింది.

తండ్రి చావుకు నలభై రోజులు ఇంట్లోనే కూర్చున్నాడు. ప్రాక్టీసుకు వెళ్లలేదు. లీగ్ అతన్ని తీసేసింది. మూడేళ్లు ఎక్కడా ఆడకూడదన్న మాట మాత్రం తీసేయలేదు. తర్వాతి సీజన్‌లో కోబా మళ్లీ వచ్చాడు. అదే పదకొండు నంబరు, అలాంటిదే పసుపు జెర్సీ, లోపల వేరే మనిషి. జనం అలాగే అరిచారు. తేడా తెలిసిందని ఒక్కరూ అనలేదు.

నన్ను వాపసు ఇమ్మని రెండుసార్లు మనిషిని పంపారు. హలీమా బీ, "చింపి పడేసినం పో," అని తలుపేసింది. చింపలేదు. పేరున్న వీపు బయటికి వచ్చేలా నాలుగు మడతలు పెట్టి, మర్జాన్ డోలును భుజానికి తగిలించే పటకా కింద, ఒరుసుకోకుండా మెత్తగా కుట్టింది.

ఇప్పుడు నా పని అదే. యాకూత్ భుజం మీద, డోలు బరువు కింద ఉంటాను. చెమటకూ ఎండలకూ కోబా అక్షరాలు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయాయి. సాయమ్మ మిషను వేసిన ముదురు అచ్చు మాత్రం ఉతికినా పోలేదు. హలీమా బీకి చదవడం రాదు. రోజూ దాన్ని వేళ్లతో తడుముతుంది, ఆయన తడిమినట్టే.

మొన్న మెహిదీపట్నంలో ఒక పెళ్లి ఊరేగింపు. యాకూత్ కొడుతున్నాడు. పెళ్లివాళ్లలో ఒకాయన చాలాసేపు తేరిపారచూసి, దగ్గరకొచ్చి ఇంగ్లీషులో అడిగాడు, నువ్వు కోబావు కదా అని.

యాకూత్ పుల్ల ఆపాడు. భుజం మీద నన్ను ఒకసారి సర్దుకున్నాడు.

"కాదన్నా," అన్నాడు తెలుగులో. "మర్జాన్ కొడుకుని."