వరదగుడి కట్టిన బుధవారం

చలికాలం నాలుగు నెలలూ ఐత్ వాఫ్రా అనే కొండపల్లెలో బుధవారమంటే బన్నాసర్ బల్ల రాసే రోజు. బడిలో భూగోళం బోధించి పదవీ విరమణ చేసిన ఆయన, ఊరందరి రొట్టెల పొయ్యి గోడకున్న నల్లబల్ల మీద రాబోయే ఏడు రోజులనూ వరుసగా రాసి, ఏ రోజు ఏ మబ్బు పట్టేదీ, గాలి ఎటునుంచి వీచేదీ, మంచు పడేదీ లేనిదీ వాటికెదురుగా పెట్టేవాడు. ఈక మబ్బు, పొర మబ్బు, కుప్ప మబ్బు, మంచు మబ్బు అని నాలుగు బొమ్మలు. చదువురాని కాపరులు ఆ బొమ్మలను చూసే మందను కొండమీది దొడ్డిలో ఉంచాలో, కిందికి తోలుకురావాలో తేల్చుకునేవారు. పొద్దున మేడ ఎక్కి పడమటి దిక్కు చూడనిదే సుద్దముక్క పట్టకూడదన్నది ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం.

ఆ బుధవారం ఆయన మేడ ఎక్కలేదు. గది వెచ్చగా ఉంది. చేతిలో పుస్తకానికి ఇంకా పన్నెండు పుటలున్నాయి. గడచిన మూడు వారాలూ ఆయన చెప్పినట్టే పొడిగా గడిచాయి. చదవడం ముగించి, జెల్లాబా అంగీ ముసుగు కళ్లదాకా లాక్కుని, సందుల వెంబడి తలవంచుకుని నడిచివెళ్లి, పోయిన వారం రాసినదే మళ్లీ రాశాడు. ఈక మబ్బులు. మెల్లని గాలి. మంచు లేదు.

బల్ల ముందు తూదా నిలబడి ఉంది. మొగుడు పోయాక అరవై గొర్రెల మందను ఒంటిచేత్తో సాకుతున్న మనిషి.

"ఉస్తాద్, పొద్దున సూర్యుడి చుట్టూ వరదగుడి కట్టింది. చూశారా?"

నలుగురు వింటున్నారు. తలెత్తితే అప్పటికింకా కనిపించేదేమో. కానీ తలెత్తితే, అంతవరకూ చూడలేదని బయటపడేది.

"చూడకేం, చూశాను. ఈక మబ్బులు వేసే వేషమది. దానికి దడిసేవాళ్లు గొర్రెల్ని మంచం కింద కట్టేసుకోవాలి."

పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చే అల్లాల్ పకాలున నవ్వాడు. "ఉస్తాద్‌కే పాఠం చెబుతున్నావటమ్మా తూదా!"

తూదా కూడా నవ్వేసింది. మందను పైనే ఉంచింది.

శుక్రవారం మధ్యాహ్నం మొదలైన మంచు ఆదివారం దాకా ఆగలేదు. దేవదారు చెట్ల నడుమ దారి పూడిపోయింది. తూదా నడుంలోతు మంచులో దొడ్డి చేరేసరికి తొమ్మిది చూడి గొర్రెలు ఒకదానిమీదొకటి ఒరిగి బిగుసుకుపోయి ఉన్నాయి.

గురువారం సంతలో, పొయ్యి ముందరే, పెద్దలు టీ గ్లాసులతో కూర్చున్నారు. పంచాయితీ పెట్టించినవాడు తూదా మరిది మోహా.

"వదినకి ఆకాశం చూడ్డం రాదు. ఈసారి తొమ్మిది. వచ్చేసారి అన్నీ పోతాయి. మా అన్న మంద, నాకప్పగించండి."

"నాకు రాకపోతే ఉస్తాద్‌కీ రానట్టే!" అంది తూదా. "ఆయనా గుడి చూశారు, నేనూ చూశాను. అంత చదివినాయనే పొరబడ్డారు."

"ఆయన మందేం పోలేదుగా? పోయింది నీది. చూసినదానివి మందను దింపుకోవద్దూ?"

"అవును," అంది తూదా, నేలచూపులు చూస్తూ. "అది మంచు తెచ్చే గుడి కాదేమో అనుకున్నాను. నాకు తెలీలేదేమో."

పెద్దలందరిలోకీ పెద్దవాడు హమ్మాది, బన్నాసర్ వైపు తిరిగాడు. "మీరు మనసులో పెట్టుకోకండి ఉస్తాద్. ఒక్కోసారి పైవాడు ఎవరికీ అంతుపట్టనివ్వడు."

ఆ ఓదార్పు బన్నాసర్ ఒంటిమీద కారం చల్లినట్టయింది. తాను నోరు మెదపకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. మంద మోహాకు పోతుంది, అంతే. చెవులు భగ్గున మండుతుండగా లేచి నిలబడ్డాడు.

"నేను చూడలేదు."

"ఏం చూడలేదు?" అన్నాడు హమ్మాది.

"వరదగుడి. ఆ పొద్దున మేడ ఎక్కలేదు. చదువుకుంటూ కూర్చున్నాను. చూశానని నలుగురి ముందూ అబద్ధం చెప్పాను. ఆకాశమంతా పలచని పొర మబ్బు కమ్మితేనే ఆ గుడి కడుతుంది. ఈ కొండల్లో దాని వెనకాలే మంచు వస్తుందని ముప్పైయేళ్లు పిల్లలకు చెప్పినవాణ్ని. తూదా సరిగ్గానే చూసింది."

అల్లాల్ రొట్టెల పార కిందికి దించాడు. మోహా ఏదో అనబోతే హమ్మాది చెయ్యెత్తాడు. "నువ్వూరుకో. మంద ఆమెదే. మాటయిపోయింది." బన్నాసర్ వైపు మాత్రం చూడలేదు.

తూదా దగ్గరికి వచ్చింది. కేకలేస్తుందనుకున్నాడు. వేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"గొర్రెలు పోయాయి, సరే," అంది నెమ్మదిగా. "వారం రోజుల్నించి పొద్దున్నే లేచి పైకి చూస్తున్నాను ఉస్తాద్. ఏ మబ్బు చూసినా, నేను చూసింది నిజమేనా అని నాకే అనుమానం. మా నాన్న నేర్పిన చూపు అది. మీరు నవ్వుతూ ఊడబెరికారు."

"తూదా, నన్ను..."

"వద్దు. ఇప్పుడేం అడక్కండి." ఆమె శాలువా బిగించుకుని గొర్రెల కొట్టం వైపు వెళ్లిపోయింది.

ఆయన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఇంటికి వెళ్తూ ముల్లంగి కోసం ఆగాడు. ప్రతి గురువారం కాటా ఎత్తకముందే "ఈ వారం ఎలా ఉంటుంది ఉస్తాద్?" అని అడిగే కూరగాయలవాడు, ఆ రోజు ముల్లంగి తూచి, సంచిలో వేసి ఇచ్చి, ఏమీ అడగకుండా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని తనే పడమటి వైపు చూశాడు.